అప్‌డేట్: క్యాంపింగ్ వ్యాన్‌లో ఫ్రిజ్ రాత్రిళ్లు ఆగిపోయే సమస్య తీరింది

బండి నడుస్తున్నంతసేపూ బాగానే ఉండే 12 వోల్టుల ఫ్రిజ్, రాత్రి ఆపి పడుకున్నాక ఆగిపోతోందని అడిగాను కదా, కారణం దొరికింది. సాయం చేసిన అందరికీ థాంక్స్.

బ్యాటరీ పోయిందని చాలామంది అన్నారు, నేనూ అదే అనుకున్నాను. కాదు. టెస్ట్ చేయిస్తే శుభ్రంగా ఉంది. సోలార్ ప్యానెల్‌కీ దీనికీ సంబంధమే లేదు.

"కంప్రెసర్ తిరిగేటప్పుడు ఫ్రిజ్ ప్లగ్ దగ్గర వోల్టేజ్ చూడండి" అన్న సలహానే పనికొచ్చింది. బ్యాటరీ దగ్గర 12.7, ప్లగ్ దగ్గర 10.9! దారిలోనే దాదాపు 2 వోల్టులు పోతుంటే, బ్యాటరీ అయిపోయిందనుకుని ఫ్రిజ్ తనంతట తానే ఆగిపోతోంది. ఇంజన్ నడిచేటప్పుడు ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరిగి కరెంటు ఇచ్చే యంత్రం) 14 వోల్టుల పైన ఇస్తుంది కాబట్టి పగలు ఈ లోపం బయటపడలేదు.

ఎలక్ట్రీషియన్ ఎర్త్ బోల్టు (నెగటివ్ వైరును బండి బాడీకి కలిపేది) విప్పి చూపించాడు. వైరు చివరి రింగు కింద పెయింట్ అలాగే ఉంది, బోల్టు మర చుట్టూ మాత్రమే సన్నగా ఇనుము తగులుతోంది, అక్కడా తుప్పు. గీకి, మెరిసే లోహం మీద బిగించి, పైన గ్రీజు రాశాడు. నేను వేసిన 2.5 స్క్వేర్ ఎంఎం వైరు తీసేసి, ఇంకా లావైన 6 స్క్వేర్ ఎంఎం వైరు వేశాం, బ్యాటరీ పక్కనే 15 ఆంప్స్ ఫ్యూజు పెట్టాం. ఎక్కువ తేడా ఎర్త్‌తోనే వచ్చింది.

ఇప్పుడు ప్లగ్ దగ్గర 12.4. మూడు రాత్రులు బయటే పడుకున్నాం, ఒక్కసారీ ఆగలేదు. పాలు విరగలేదు.