సిలిండర్ వాల్వు తెరిచే ఉంచాలా, తాగనప్పుడు కట్టేయాలా?

కొత్తకెగ్:
ఇంట్లో బీరు కెగ్‌లకు (పీపాలకు) పెట్టుకున్న 2.27 కిలోల సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) సిలిండర్ రెండోసారి నింపించి మూడు వారాలు కాలేదు. శనివారం ట్యాప్ తిప్పితే ఓ ముక్కాలు గ్లాసు వచ్చి ఆగిపోయింది. రెండు కార్నీ కెగ్‌లు (మూత ఉండే స్టీలు పీపాలు), సిలిండర్ ఫ్రిజ్‌లోనే, గ్యాస్ ఒత్తిడి 11 పీఎస్ఐ. 19 లీటర్ల కెగ్‌లో బీరుకు గ్యాస్ పట్టించి, చివరి గ్లాసు దాకా తోయడానికి 150-200 గ్రాములు చాలు. అంటే పది కెగ్‌లన్నా రావాలి. నాకు రెండు కూడా పూర్తి కాలేదు. సబ్బునీళ్లు కొట్టి చూశాను, ఒక్క బుడగ లేదు. తెలిసినాయన ఒకరు "తాగేటప్పుడు తప్ప వాల్వు కట్టేసుకో, గొడవ వదిలిపోతుంది" అన్నారు. మీరేం చేస్తున్నారు?

నురగరాయుడు:
ఆయన చెప్పిందే కరెక్టు. ఎనిమిదేళ్లుగా రాత్రి పడుకునే ముందు కట్టేస్తున్నాను. లీకుంటే కెగ్‌లో పైన ఉన్న కాస్త గ్యాస్ పోతుంది, అంతే. తెరిచి పడుకుంటే తెల్లారేసరికి సిలిండర్ మొత్తం ఖాళీ.

పీపాలరాజు:
రాయుడుగారూ, కట్టేస్తే లీకు పోదండీ, కంటికి కనపడకుండా పోతుంది. కార్నీ మూతను లోపలి నుంచి బిగించి పట్టుకునేదే గ్యాస్ ఒత్తిడి. ఒత్తిడి తగ్గేకొద్దీ మూత రబ్బరు వదులై ఇంకాస్త కారుతుంది. బీరు చప్పబడుతుంది, మీరు మళ్లీ తెరిచి నింపుతారు. రోజూ ఇదే తంతు. పైపెచ్చు గ్యాస్ ఇంకా పట్టని కొత్త కెగ్‌కు వాల్వు కడితే అది ఎప్పటికి తయారవుతుంది?

నురగరాయుడు:
కొత్త కెగ్ సంగతి ఒప్పుకుంటాను, దానికి తెరిచే ఉంచాలి. కానీ నా భయం డబ్బు గురించి కాదు. 2.27 కిలోలు గ్యాస్‌గా మారితే సుమారు 1.2 ఘనపు మీటర్లు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడేసి మీటర్లున్న మూసిన గదిలో అది 4 శాతం దాటుతుంది. అమెరికాలో పనిచోట భద్రత చూసే నియోష్ సంస్థ వాళ్లు 40,000 పీపీఎం, అంటే ఆ 4 శాతాన్నే, వెంటనే ప్రాణాపాయం కింద లెక్కగడతారు. పైగా గాలి కంటే బరువు, కిందకు దిగి కూర్చుంటుంది.

పీపాలరాజు:
అది పైపు ఒక్కసారిగా ఊడితే వచ్చే ప్రమాదం. మూడు వారాలు సన్నగా కారితే అంత పేరుకోదు. అయినా దానికి మందు అలారం. చిన్న గదైతే అలారం పెట్టమని నేనూ చెబుతాను. వాల్వు కట్టడం మర్చిపోయిన రోజు మీ సంగతేంటి మరి?

వాషర్‌బాబు:
ఇద్దరూ ఆగండి, అతని లీకు ఎక్కడుందో ఎవరూ అడగలేదు.

కొత్తకెగ్, సబ్బునీళ్లు కొట్టి ఎంతసేపు చూశావు తమ్ముడూ? సన్న లీకుకు బుడగ రావడానికి ఐదారు నిమిషాలు పడుతుంది. ఇంకొకటి, సిలిండర్ లోపలి ఒత్తిడి చూపే పెద్ద గేజ్‌ను నమ్మకు. సిలిండర్‌లో ద్రవం ఉన్నంతకాలం అది గది వేడిలో 800 పీఎస్ఐ దగ్గర, ఫ్రిజ్‌లో 550 దగ్గర నిలబడి ఉంటుంది. ద్రవం అయిపోయాకే పడుతుంది. ఫ్రిజ్‌లో పెట్టగానే ముల్లు దిగిందని కంగారుపడ్డవాళ్లను చాలామందిని చూశాను. గ్యాస్ ఎంత ఉందో చెప్పేది కాటా ఒక్కటే.

లీకు పట్టాలంటే ఇలా చెయ్. కెగ్‌లు రెండూ విడదీసి, పైపుల్లో గ్యాస్ నింపి, సిలిండర్ వాల్వు కట్టు. పొద్దున చూడు. ఇక్కడ మాత్రం పెద్ద గేజ్‌నే చూడాలి. పైపులో ఎంత కారితే అంత రెగ్యులేటర్ (సిలిండర్ ఒత్తిడిని తగ్గించి పంపేది) పైవైపు నుంచి భర్తీ చేస్తుంది కాబట్టి కెగ్‌కు వెళ్లే ఒత్తిడి చూపే చిన్న గేజ్ చాలాసేపు కదలదు, పెద్దది ముందు పడుతుంది. అది నిలబడితే తప్పు కెగ్ వైపు. కెగ్ కలిపి ఈ పరీక్ష చేయొద్దు. గ్యాస్ పట్టని చల్లటి బీరు తనే తాగేస్తుంది, నువ్వు లీకనుకుంటావు.

మూత పరీక్ష 30 పీఎస్ఐ దగ్గర చేసి ఊరుకోకు. అక్కడ బిగుసుకున్న రబ్బరు 11 దగ్గర వదులుతుంది.

టేపుమామ:
అన్ని మరలకూ టెఫ్లాన్ టేప్ చుట్టేస్తే ఇదంతా ఎందుకండీ?

వాషర్‌బాబు:
మామా, వద్దు. సిలిండర్ నట్టు దగ్గర గ్యాస్‌ను ఆపేది వాషర్, మర కాదు. గరాటు ఆకారపు కొసలు ఒకదానికొకటి ఆనుకునే ఫ్లేర్ ఫిటింగ్‌లోనూ మర ఆపదు. టేప్ చుడితే సరిగా కూర్చోదు. రెగ్యులేటర్‌కు బిగించే సన్నబడే మరలకైతే చుట్టుకో.

కొత్తకెగ్:
దొరికింది! అన్న చెప్పినట్టే కెగ్‌లు విడదీసి పెడితే రాత్రంతా ముల్లు కదల్లేదు. కెగ్‌లు విడిగా కూడా నిలబడ్డాయి. కలిపితేనే పోతోంది, అదీ ఫ్రిజ్ తలుపు వేసినప్పుడే. సబ్బు కొట్టింది తలుపు తెరిచి కదా, ఇంకేం కనపడుతుంది? తలుపు పైపును నొక్కి, దాన్ని కెగ్‌కు తగిలించే గ్యాస్ డిస్‌కనెక్ట్‌ను పక్కకు వంచుతోంది. చేత్తో అలాగే వంచి పట్టుకుని సబ్బు నురగ పూశాను. నాలుగో నిమిషానికి పోస్ట్ (కెగ్ మీద డిస్‌కనెక్ట్ తగిలే ముక్కు) చుట్టూ చీమ తలకాయంత బుడగలు వరసగా లేచాయి. విప్పి చూస్తే దాని రబ్బరు ఓ-రింగ్ ఒక పక్క చదునై, గోటితో గిల్లినట్టు కోత పడి ఉంది. కొత్తది వేసి, తిండి వస్తువులకు వాడే సిలికాన్ గ్రీజు రాశాను. పైపును కూడా వేరే వైపుకు తిప్పాను.

నురగరాయుడు:
సంతోషం. మరి ఆ మూడు వారాలూ రాత్రిళ్లు కట్టేసి ఉంటే సిలిండర్ మిగిలేది కదా?

పీపాలరాజు:
మిగిలేది. ఆ కోత మాత్రం ఇంకో ఏడాది అక్కడే ఉండేది.

కొత్తకెగ్:
ప్రస్తుతానికి తెరిచే ఉంచుతున్నాను, ఊరెళితే కడతాను. కాటాను ఫ్రిజ్‌లోనే సిలిండర్ కింద పెట్టేశాను. నాలుగు రోజుల్లో 10 గ్రాములు తగ్గింది, అందులో నేను తాగిన మూడు లీటర్ల లెక్క కూడా ఉంది.