మోంపార్నాస్ సమాధి మీది 'ముద్దు' ఎవరికి చెందాలి? బ్రాంకుసి శిల్పంపై చర్చ

ఉలిచప్పుడు:
పారిస్‌లోని మోంపార్నాస్ శ్మశానంలో ఒక సమాధి మీద 'ముద్దు' అనే సున్నపురాతి శిల్పం ఉంది. ఎత్తు సుమారు 90 సెంటీమీటర్లు. ఒకే రాతిలో ఒక స్త్రీ, ఒక పురుషుడు కాళ్లతో సహా పెనవేసుకుని ఉంటారు. పక్కనుంచి చూస్తే ఇద్దరి కళ్లు కలిసి ఒకే కన్నులా కనిపిస్తాయి. చేతులు కూడా రాతిలోంచి పైకి పెద్దగా పొడుచుకు రావు, దిమ్మె ఆకారం దాదాపు అలాగే ఉండిపోతుంది. చెక్కింది రుమేనియా నుంచి పారిస్‌కు వలస వచ్చిన కాన్‌స్టాంటిన్ బ్రాంకుసి, 1909లో.

ఆ సమాధి టటియానా రాషెవ్‌స్కయా అనే రష్యన్ అమ్మాయిది. 1910 డిసెంబరులో, 23 ఏళ్లకే ప్రాణం తీసుకుంది. ఆమెతో ప్రేమలో ఉన్న డాక్టరు సొలొమోన్ మార్బేకి బ్రాంకుసి తెలుసు. అలా ఈ శిల్పం ఆమె సమాధి మీదికి చేరింది.

దాదాపు వందేళ్ల తర్వాత వారసులు దాన్ని తీసి అమ్ముకుంటామన్నారు. 2006లో ఫ్రెంచి ప్రభుత్వం దేశం దాటించడానికి వీల్లేదంది. 2010లో శిల్పంతో సహా సమాధి మొత్తాన్ని చారిత్రక కట్టడంగా నమోదు చేసింది. 2020లో అప్పీలు కోర్టు వారసుల వైపు మొగ్గింది. 2021 జులైలో పై కోర్టు, అంటే కాన్సెయ్ దెతా, ప్రభుత్వం చేసిందే సరైనదంది.

శిల్పం అక్కడే ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. మీరేమంటారు?

ప్లీడరుగుమాస్తా:
నేను ఒప్పుకోను. కొన్నది ఆ కుటుంబం, సమాధి స్థలం ఆ కుటుంబానిది, చనిపోయింది ఆ ఇంటి పిల్ల. మధ్యలో ప్రభుత్వానికి ఏం పని?

కేసులో అసలు కీలకం చరాస్తా, స్థిరాస్తా అన్నదే. శిల్పం చరాస్తి అయితే యజమాని ఒప్పుకోకుండా నమోదు చెయ్యడం కుదరదు. స్థిరాస్తి అయితే అడగక్కర్లేదు. కింద ఆమె పేరు చెక్కిన రాయి, పైన శిల్పం, రెండూ కలిపి బిగించారు కాబట్టి మొత్తం ఒకే స్మారకమని, అది స్థిరాస్తేనని తేల్చారు. కానీ తేదీలు చూడండి. శిల్పం చెక్కింది 1909, ఆమె పోయింది 1910. ఆమె కోసం చెక్కిందే కాదు! తయారుగా ఉన్నదాన్ని తెచ్చి పెట్టారు. ఊడదీస్తే సమాధికీ శిల్పానికీ నష్టం లేదు.

ఇదే బ్రాంకుసి విషయంలో అమెరికా కోర్టు ఎంత సూటిగా ఆలోచించిందో గుర్తు చేసుకోండి. 1926లో ఆయన కంచు శిల్పం 'ఆకాశంలో పక్షి' న్యూయార్క్ చేరితే కస్టమ్స్‌వాళ్లు అది కళాఖండం కాదు పొమ్మని వంటింటి సామాన్లు, ఆసుపత్రి పరికరాల పద్దులో వేసి 40 శాతం సుంకం కట్టించారు. 1928లో కోర్టు ఆ వస్తువును వస్తువుగా చూసి, ఇది శిల్పమే, సుంకం లేదని తీర్పిచ్చింది. అక్కడ అధికారులు తమకు కావాల్సిన పద్దులో వేస్తే కోర్టు సరిచేసింది. ఇక్కడ అధికారులు చేసిందానికి కోర్టు తలూపింది.

మంజీర:
నాదీ ఇంచుమించు ప్లీడరుగుమాస్తా గారి మాటే, కాకపోతే నేను శిల్పి వైపునుంచి చెప్తాను.

బ్రాంకుసి 1876లో రుమేనియాలో హోబిట్సా అనే పల్లెలో పుట్టాడు. క్రయోవాలో చేతిపనుల బడి, తర్వాత బుఖారెస్ట్‌లో కళాశాల. 1904లో పారిస్ చేరాడు. 1907లో అప్పటి ప్రసిద్ధ శిల్పి రోదాఁ దగ్గర చేరి కొన్నాళ్లకే బయటికొచ్చేశాడు, పెద్ద చెట్ల నీడలో ఏదీ ఎదగదని. అప్పట్లో చాలామంది మట్టితో నమూనా చేసి ఇస్తే పనివాళ్లు రాతిలోకి దించేవాళ్లు. ఈయన ఉలి పట్టుకుని నేరుగా రాతిలో చెక్కడం మొదలుపెట్టాడు. అలా వచ్చిన తొలి పనుల్లోదే మొదటి 'ముద్దు'. అది ఇప్పుడు క్రయోవా మ్యూజియంలో ఉంది, నడుము దాకా మాత్రమే ఉండే చిన్న బొమ్మ. తర్వాత అదే ఆకారాన్ని దశాబ్దాల పాటు మళ్లీ మళ్లీ చెక్కాడు. 1938 నాటికి అది రుమేనియాలోని టుర్గు జియు ఊళ్లో 'ముద్దు ద్వారం' అయింది. ఇన్నిసార్లు తిరిగి చెక్కిన ఆకారాన్ని ఒక్క సమాధికి కట్టేసి, అక్కడే ఉంటే తప్ప దానికి అర్థం లేదనడం నాకు నచ్చట్లేదు.

ఉలిచప్పుడు:
మంజీర గారూ, ఇన్నిసార్లు చెక్కాడు, నిజం. కానీ ఇద్దరినీ తల నుంచి కాళ్ల దాకా పూర్తిగా చెక్కి, ఆరుబయట ఒక మనిషి జ్ఞాపకంగా నిలబడ్డది ఇదొక్కటే కదండీ. టుర్గు జియులో చేసింది కూడా మృతుల స్మారకమే, మొదటి ప్రపంచయుద్ధంలో జియు నది దగ్గర పోరాడి పోయినవాళ్ల కోసం. అక్కడ మౌనం బల్ల, ముద్దు ద్వారం, 29 మీటర్లు దాటిన అంతులేని స్తంభం, మూడూ ఒకే దారి వెంట ఊరి ఈ చివర నుంచి ఆ చివర దాకా పెట్టాడు. ఆ దారికి బీజం నాకు మోంపార్నాస్‌లోనే కనిపిస్తుంది.

ఏది ఎక్కడుండాలన్నది ఆయనకు ప్రాణంతో సమానం. తన స్టూడియోలో శిల్పాలను ఒకదానికొకటి ఎంత దూరంలో ఉండాలో చూసుకుని అమర్చేవాడు. ఒకటి అమ్ముడుపోతే ఆ చోటు ఖాళీగా ఉంచలేక ప్లాస్టర్ నకలు పెట్టేవాడు. 1956లో ఫ్రెంచి ప్రభుత్వానికి స్టూడియో రాసిచ్చినప్పుడు కూడా, తను పోయేనాటికి ఎలా ఉందో అలాగే నిలబెట్టాలని షరతు పెట్టాడు.

ప్లీడరుగుమాస్తా:
ఆ స్టూడియో ఇప్పుడు ఎక్కడుందండీ మరి? అది మొదట ఉన్న రోఁసాఁ సందులో లేదు. 1957లో ఆయన పోయాక సామాను మొత్తం కదిలించారు. 1977లో పారిస్‌లోని ఆధునిక కళాకేంద్రం పోంపిదూ సెంటర్ ఎదుట కట్టారు, 1990లో వరదనీళ్లు వచ్చి మూసేశారు, 1997లో ఆర్కిటెక్ట్ రెంజో పియానో డిజైన్ చేసిన భవనంలో మళ్లీ కట్టారు. షరతు రాయించుకున్న ప్రభుత్వమే ఇలా కదిలించినప్పుడు, ఏ షరతూ రాయని ఓ కుటుంబాన్ని కదిలించొద్దనడం ఏం న్యాయం?

ఉలిచప్పుడు:
చోటు మారింది, అమరిక మారలేదు. ఆయన అడిగింది అమరికే. సమాధి నుంచి శిల్పాన్ని తీస్తే మిగిలేది పేరున్న రాయి ఒక్కటే.

తంగేడు:
నేను మ్యూజియం పక్షం. వానకు, ఎండకు, పట్నం పొగకు సున్నపురాయి ఎన్నాళ్లు నిలుస్తుంది? దొంగతనం టెన్షన్ సరేసరి.

మన దేశంతో ముడిపడ్డ ఉదాహరణ చెప్తాను. ఇండోర్ మహారాజా యశ్వంత్‌రావ్ హోల్కర్ బ్రాంకుసి దగ్గర మూడు పక్షి శిల్పాలు తీసుకున్నాడు: తెల్ల పాలరాయి, నల్ల పాలరాయి, కంచు. వాటికోసం ఒక ధ్యానమందిరం కట్టాలనుకున్నారు. 1937 చివర్లో బ్రాంకుసి స్వయంగా ఇండోర్ వచ్చాడు కూడా. మందిరం కట్టనేలేదు. ఇవాళ ఆ పాలరాతి పక్షులు రెండూ ఆస్ట్రేలియాలో, కాన్‌బెర్రా జాతీయ గ్యాలరీలో పక్కపక్కనే ఉన్నాయి. అనుకున్న చోటు దక్కకపోయినా భద్రంగా ఉన్నాయి, ఎవరైనా వెళ్లి చూడొచ్చు.

ఉలిచప్పుడు:
తంగేడు గారూ, ఆ కథ చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది. మందిరం లేచి ఉంటే ఆయన పనిలో సగం మన దగ్గర అర్థమయ్యేది. పక్షులకు పుట్టిల్లే లేకపోయింది కాబట్టి మ్యూజియం దిక్కయింది. 'ముద్దు'కు 1911 నుంచి ఇల్లుంది.

ఇంకోటి. వేలంలోకి వెళ్తే మ్యూజియమే కొంటుందన్న భరోసా ఎక్కడుంది? 2018లో న్యూయార్క్ వేలంలో ఆయన శిల్పం ఒకటి 7.1 కోట్ల డాలర్లకు పోయింది. 2016లో రుమేనియా ప్రభుత్వం 'భూమి వివేకం' అనే ఆయన 1907 నాటి శిల్పాన్ని 1.1 కోట్ల యూరోలకు కొనబోయింది. 50 లక్షలు ప్రభుత్వం, 60 లక్షలు జనం చందాలు అన్నారు. జనం నుంచి 10 లక్షలు దాటి కాస్తే వచ్చింది, కొనుగోలు ఆగిపోయింది. పుట్టిన దేశానికే అందని ధర ఇది. 'ముద్దు' అమ్మితే ఏ ధనవంతుడి లాకర్లోకో పోతుంది, ఇక కంటికి కనబడదు.

ప్లీడరుగుమాస్తా:
ఇప్పుడు మాత్రం కంటికి కనబడుతోందా? గొడవ ముదిరాక వారసులు శిల్పాన్ని చెక్కపెట్టెతో కప్పించారు. మీరు గెలిచారు సరే, జనం చూసింది పెట్టెనే కదా. హక్కు లాక్కుంటే యజమాని సహకరించడు. ఏ దేశంలోనైనా ఇంతే.

మంజీర:
పెట్టె సంగతి విన్నప్పుడు నాకు కోపం వారసుల మీద కాదు, రెండు పక్షాల మీదా వచ్చింది. బ్రాంకుసి సమాధి కూడా అదే శ్మశానంలో ఉంది. తన శిల్పం ఉన్న శ్మశానంలోనే పడుకున్న మనిషికి ఇదా మర్యాద?

ఉలిచప్పుడు:
పెట్టె విషయంలో ప్లీడరుగుమాస్తా గారితో ఏకీభవిస్తాను. శిల్పాన్ని కదలనివ్వని ప్రభుత్వమే దాని బాధ్యతా తీసుకోవాలి. గాజు కప్పు వేయించాలి, కాపలా పెట్టాలి, కుటుంబానికి పరిహారం ఇవ్వాలి. శిల్పం టటియానా సమాధి మీదే ఉండాలి.

ప్లీడరుగుమాస్తా:
పరిహారం ఇస్తే నా వాదనలో సగం పోతుంది, ఒప్పుకుంటాను. మిగతా సగం ఎంత ఇస్తారన్న దాని మీద ఉంటుంది. మార్కెట్ ధరా, లేక కదలని రాయి కదా అని నామమాత్రమా? దానికి జవాబు చెప్పండి ముందు.

ఉలిచప్పుడు:
నామమాత్రం కాకూడదు. వేలం ధర కూడా కాదు, ఎందుకంటే అమ్మకానికి లేనిదానికి వేలం ధర ఉండదు. వందేళ్లకు పైగా ఆ కుటుంబం దాన్ని అక్కడ నిలిపి ఉంచింది. ఆ రుణం లెక్కగట్టి ఇవ్వమనే నా వాదన.