మన ఇంట్లో వేపచెట్టు కొట్టించడానికి కూడా పర్మిషన్ కావాలా?

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో పాత ఇల్లు. ప్రహరీని ఆనుకుని పెద్ద వేపచెట్టు ఉంది, వేర్లు తన్ని గోడ పగిలింది, పైగా కొమ్మలు కరెంటు తీగలకు తగులుతున్నాయి. మేస్త్రి ఏమో "ఆదివారం పొద్దున్నే లేపేద్దాం సార్, ఎవరూ చూడరు" అంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: కావాలండీ. సొంత స్థలమైనా సరే, 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) ప్రకారం ముందు అనుమతి తీసుకోవాల్సిందే. చాలామంది మునిసిపల్ ఆఫీసు చుట్టూ తిరుగుతారు గానీ ఇచ్చేది అటవీ శాఖ. గోడ పగులు, వేర్లు కనిపించేలా ఫొటోలు తీసి దరఖాస్తుతో పెట్టండి. అనుమతి ఇస్తే బదులుగా మొక్కలు నాటమంటారు.

జవాబు: మేస్త్రి మాట వినకండి బాబూ! మా వీధిలో ఒకాయన ఇలాగే ఆదివారం చూసి కొట్టించాడు, పక్కింటాయనే వీడియో తీసి పంపాడు, జరిమానా కట్టాక ఇప్పటికీ ఇద్దరికీ మాటల్లేవు.

జవాబు: అసలు మొత్తం కొట్టడం ఎందుకు? తీగల మీది కొమ్మలకు కరెంటు ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వండి, సరఫరా ఆపి వాళ్లే నరుకుతారు, మీరు మాత్రం కత్తి పట్టుకుని ఎక్కకండి. గోడ అంటారా, చెట్టున్న చోట నాలుగడుగులు లోపలికి జరిపి కట్టుకోవచ్చు. ఎండాకాలంలో ఆ నీడ విలువ తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. మేస్త్రిని ఆదివారం రావద్దన్నా, అలిగాడు.