బీఏ ఇంగ్లిష్ కోసం ఆరు లక్షల అప్పు చేయవచ్చా?

ప్రశ్న: దేవరకొండ నుంచి ఒక తండ్రి

మాకు నాలుగెకరాల బత్తాయి తోట ఉంది, ఇల్లు గడిచేది దాని మీదనే. మా పెద్దమ్మాయి ఈ ఏడాది ఇంటర్ మంచి మార్కులతో పూర్తి చేసింది. ఆంగ్ల సాహిత్యమే చదువుతానని రెండేళ్లుగా పట్టుదలతో ఉంది. హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో బీఏ ఆనర్స్ సీటు వచ్చింది కానీ, ఫీజు, హాస్టల్ కలిపి ఏడాదికి 2 లక్షల చొప్పున మూడేళ్లకు 6 లక్షలు కావాలి. అదంతా విద్యా రుణమే అవుతుంది. దోస్త్ (తెలంగాణ డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాలు) ద్వారా అయితే నల్లగొండలోనే ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో, దాదాపు ఖర్చు లేకుండా, ఆంగ్ల సాహిత్యం ఒక సబ్జెక్టుగా బీఏ చదవవచ్చు. ఇంగ్లండులో ఉన్న మా బావమరిది, అక్కడ ఇంగ్లిష్ చదివినవాళ్లకు జీతాలు తక్కువే అయినా పిల్లలు అప్పు చేసి చదువుతున్నారని, భయపడవద్దని అంటున్నాడు. బిడ్డ మనసు నొప్పించడం నాకు ఇష్టం లేదు, తోటను కష్టంలో పెట్టడమూ ఇష్టం లేదు. తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: మహబూబ్‌నగర్, బ్యాంకు విశ్రాంత ఉద్యోగి

అయ్యా, మీ బావమరిది గారి మాట అక్కడికి సరిపోతుంది, మనకు సరిపోదు. 2023 ఆగస్టు తర్వాత ఇంగ్లండులో డిగ్రీలో చేరిన అక్కడి విద్యార్థి, తన ఆదాయం ఏడాదికి 25,000 పౌండ్లు దాటినప్పుడు మాత్రమే, ఆ దాటిన భాగం మీద 9 శాతం కడతాడు. అంతకంటే తక్కువ వస్తే ఏమీ కట్టనక్కరలేదు, 40 ఏళ్ల తర్వాత మిగిలిన బాకీ రద్దవుతుంది. మన విద్యా రుణంలో అటువంటి ఏర్పాటు లేదు. చదువు ముగిసిన ఏడాదికి వాయిదా మొదలవుతుంది, అమ్మాయికి ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఆ మొత్తం మారదు.

లెక్క చూడండి. వడ్డీ 10 శాతం అనుకుందాం. ఏటా 2 లక్షలు తీసుకుంటే, చదివే మూడేళ్లు, ఆ తర్వాతి ఏడాది కలిపి బారువడ్డీయే సుమారు 1,80,000 అవుతుంది. అప్పుడు 7,80,000 మీద పదేళ్ల వాయిదా నెలకు దాదాపు 10,300 వస్తుంది, మొత్తం చెల్లింపు 12 లక్షలు దాటుతుంది. చదువుతున్నప్పుడే వడ్డీ కట్టుకుంటూ పోతే వాయిదా 8,000 లోపు ఉంటుంది. కానీ తోట డబ్బు కాపుకొకసారి వస్తుంది, బ్యాంకు మాత్రం నెలనెలా అడుగుతుంది.

బ్యాంకుల సంఘం రూపొందించిన ఆదర్శ విద్యా రుణ పథకం ప్రకారం 7.5 లక్షల వరకు ఆస్తి తాకట్టు అవసరం లేదు కాబట్టి భూమి పత్రాలు ఇవ్వవలసి వస్తుందన్న భయం వద్దు. అసలు చిక్కు మరొకటి ఉంది. తండ్రిగా మీరు సహ రుణగ్రహీత అవుతారు. వాయిదాలు తప్పితే మీ సిబిల్ (అప్పులు సరిగా తీర్చారా అని చూపే స్కోరు) దెబ్బతింటుంది, రేపు పంట రుణానికి వెళ్లినప్పుడు అదే అడ్డు వస్తుంది. ఈ విషయాన్ని కౌంటర్‌లో ఎవరూ విడమరచి చెప్పరు, నా ఉద్యోగంలో అటువంటి తండ్రులను చాలామందిని చూశాను. ఇంకొక మాట: 2024 నవంబరులో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో, కుటుంబ ఆదాయం 8 లక్షలు దాటనివారికి 10 లక్షల వరకు రుణంపై మారటోరియం కాలానికి (వాయిదాలు మొదలయ్యేలోపు గడువుకు) 3 శాతం వడ్డీ రాయితీ ఉంది, అయితే ఎంపిక చేసిన విద్యాసంస్థలకే. ఆ విశ్వవిద్యాలయం ఆ జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోండి.

జవాబు: నల్లగొండ, ఆంగ్ల అధ్యాపకురాలు

నేను ఇరవై ఏళ్లుగా ఇంగ్లిష్ చెబుతున్నాను. మొదట ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో చేరినప్పుడు నా జీతం 7,000, అదీ వేసవి రెండు నెలలు ఉండేది కాదు. ఇప్పుడు కొంత మెరుగుపడినా, వట్టి బీఏతో చేరే పిల్లలకు నెలనెలా 10,000 వాయిదా మోయగల జీతం రావడం కష్టమే. మన ప్రాంతంలో ఈ డిగ్రీకి స్థిరమైన ఆదాయం దాని తర్వాతి మెట్టులో ఉంది: బీఈడీ, టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) పూర్తి చేసి డీఎస్సీ నియామకాల్లో స్కూల్ అసిస్టెంట్ కావడం, లేదా ఎంఏ తర్వాత జూనియర్ లెక్చరర్ పోస్టుకు పోటీపడడం. 2022 డిసెంబరులో అన్ని సబ్జెక్టులకు కలిపి 1,392 జూనియర్ లెక్చరర్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది, కానీ అటువంటివి ఏటా రావు. ఎంఏ తర్వాత జాతీయ అర్హత పరీక్ష నెట్‌లో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవారికి ఇచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 ఇస్తున్నారు, అది అప్పు కాదు.

అందుకే బీఏకే అప్పు సామర్థ్యమంతా ఖర్చు చేయవద్దని నా అభిప్రాయం. బీఏ నల్లగొండలో చదివించి, ఎంఏకు సీపీగెట్ (రాష్ట్ర పీజీ ఉమ్మడి ప్రవేశ పరీక్ష) రాసి ఉస్మానియాకో, ఇక్కడి మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయానికో, పాలమూరు విశ్వవిద్యాలయానికో పంపండి. హైదరాబాద్‌లోని ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) కూడా ఉంది, 1958లో ఆంగ్ల బోధన కోసమే మొదలై కేంద్రీయ విశ్వవిద్యాలయమైన సంస్థ అది. అమ్మాయి నగరాన్ని కోరుకోవడంలో తప్పు లేదు. మంచి గ్రంథాలయం, తనలాగే చదివే స్నేహితులు లేక మా తరం పిల్లలం నిజంగా నష్టపోయాం. ఆ లోటు మీ అమ్మాయికి ఎంఏలో తీరుతుంది. ఈ మూడేళ్లూ ఎంఏ ప్రవేశ పరీక్షలను దృష్టిలో పెట్టుకొని చదవాలి.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ నమస్కారాలు. 10,300 అన్న అంకె కాగితం మీద రాసి అమ్మాయికి చూపించాను. తాను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఇఫ్లూ ప్రవేశ పరీక్ష పాత ప్రశ్నపత్రాలు ఎక్కడ దొరుకుతాయని అడిగింది. మేడం గారు తెలిస్తే చెప్పగలరు, సోమవారం నల్లగొండ వస్తున్నాం.