పల్సర్ 150 ఇంజన్‌తో గో-కార్ట్: స్ప్రాకెట్, యాక్సిల్, ఛాసిస్ సందేహాలు

కార్ట్_గుంటూరు

అందరికీ నమస్తే. గుంటూరులో డిప్లొమా మెకానికల్ చివరి సంవత్సరం, ప్రాజెక్టు కింద గో-కార్ట్ (నేలకు దగ్గరగా ఉండే చిన్న రేసు బండి) కడుతున్నాం. ఇంజన్ పల్సర్ 150, 2014 మోడల్, కార్బొరేటర్‌ది. వైరింగ్, సీడీఐ (స్పార్క్ ఇచ్చే పెట్టె), సైలెన్సర్ అన్నీ ఉన్నాయి. కాలేజీ గ్రౌండులో గంటకు 60 కిలోమీటర్లు పోతే చాలు. నాలుగు విషయాల దగ్గర ఆగిపోయాం.

బండి స్ప్రాకెట్లే (చైను తిరిగే పళ్ల చక్రాలు) వాడుకోవచ్చా, మార్చాలా? కార్ట్ టైర్లు కొనాలా, ఆటో చక్రాలు సరిపోతాయా? ఛాసిస్‌కు (కింది ఫ్రేముకు) ఒక అంగుళం జీఐ నీళ్ల పైపు ఉచితంగా దొరుకుతోంది, పనికొస్తుందా? ఇంజన్ సీటు వెనక పెట్టాలా, పక్కన పెట్టాలా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

పళ్ల_లెక్క

ముందు టైరు తేల్చుకోండి తమ్ముడూ. అది తేలకుండా స్ప్రాకెట్ గురించి ఎవరు ఏం చెప్పినా ఊహే అవుతుంది.

పల్సర్ 150 వెనక టైరు 100/90-17. వ్యాసం సుమారు 612 మిల్లీమీటర్లు, ఒక చుట్టుకు 1.92 మీటర్లు పోతుంది. కార్ట్ వెనక టైరు 11×7.10-5. వ్యాసం 11 అంగుళాలు, అంటే 279 మిల్లీమీటర్లు, చుట్టుకు 0.88 మీటర్లే. బండి మీద ఉన్న స్ప్రాకెట్లే పెడితే, అదే గేరులో అదే ఆర్‌పీఎంకు కార్ట్ వేగం బండి వేగంలో 46 శాతం ఉంటుంది. బండి 110 పోయే చోట కార్ట్ 50 పోతుందన్నమాట. ఆటో చక్రం 4.00-8 అయితే వ్యాసం సుమారు 410, చుట్టుకు 1.29 మీటర్లు. వేగం 67 శాతం, అంటే 74 దాకా వస్తుంది. ఈ మూడూ లెక్కలో వచ్చే గరిష్ఠాలే. గాలీ బరువూ కొంత తినేస్తాయి.

కార్ట్ టైర్లతో 60 కావాలంటే వెనక పళ్లు 50/60 వంతుకు తగ్గించాలి. మీ స్ప్రాకెట్‌కు 42 పళ్లుంటే 35 అవుతుంది. మీదెన్ని పళ్లో మీరే లెక్కపెట్టుకోండి, పాత బండ్లకు దొరికింది బిగించేసి ఉంటారు. ఆటో చక్రాలైతే స్ప్రాకెట్ ముట్టుకోనక్కర్లేదు. ఉన్నదే కొంచెం ఎక్కువ వేగం ఇస్తుంది, పైగా గ్రౌండులో టాప్ గేరు దాకా వెళ్లే చోటే ఉండదు.

చాలామంది ముందు స్ప్రాకెట్‌ను పెద్దది చేసి వేగం పెంచుదామని చూస్తారు. ఒకటి రెండు పళ్లు పెరిగితేనే చైను ఇంజన్ కేసుకు రాసుకుంటుంది. మార్చేదేదో వెనకే మార్చండి.

ఇంకోటి. వెనక స్ప్రాకెట్ నేలకు ఎంత దగ్గరలో ఉందో చూసుకోవాలి. చైను పిచ్ (ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు దూరం) 12.7 మిల్లీమీటర్లు, అంటే అర అంగుళం. ఆ లెక్కన 42 పళ్ల స్ప్రాకెట్ పిచ్ వ్యాసం (చైను పిన్నులు తిరిగే వలయం వ్యాసం) 170. చైనుతో కలిపి సెంటరు నుంచి 90 దాకా కిందికి దిగుతుంది. కార్ట్ టైరు సగం వ్యాసం 140 కాబట్టి నేలకు 50 మిగులుతుంది. సిమెంటు మీద పర్వాలేదు. మట్టి గ్రౌండయితే రాయి తగిలి చైను తెగుతుంది. 35 పళ్లకు పిచ్ వ్యాసం 142, కాస్త ఊపిరి దొరుకుతుంది.

లేత్_పని_ఆటోనగర్

పైన చెప్పిన లెక్క కరెక్టే. యాక్సిల్ (వెనక ఇరుసు), ఛాసిస్ సంగతి నేను చెప్తాను.

జీఐ పైపు వద్దు. ఉచితమైనా వద్దు. పైన జింకు పూత ఉంటుంది, వెల్డింగ్ వేడికి ఆవిరై పొగ వస్తుంది. అది పీల్చితే సాయంత్రానికి చలీ జ్వరం. అతుకులో కూడా బుడగలు పడతాయి, పైకి బాగానే కనిపించి లోపల గుల్లగా ఉంటుంది. సీమ్‌లెస్ (అతుకు లేని) పైపు తీసుకోండి: బయటి వ్యాసం 32, మందం 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు. వెల్డింగ్ సీఓ2 (గ్యాస్‌తో చేసే వైరు వెల్డింగ్) అయితే మంచిది. రాడ్డుతో 2 మిల్లీమీటర్ల పైపు అతకడం చేయి తిరిగినవాళ్లకే సాధ్యం, కొత్తవాళ్లు కన్నం పెడతారు. వంపులు బెండింగ్ మిషన్ మీద వంచించండి. వేడిచేసి సుత్తితో వంచితే ఆ చోట పైపు నలిగి సగం బలం పోతుంది.

ముందు అన్నీ టాక్ (చిన్న చుక్క వెల్డింగ్) వేసి ఆపండి. రెండు మూలల కొలతలు (ముందు ఎడమ నుంచి వెనక కుడి, ముందు కుడి నుంచి వెనక ఎడమ) 3 మిల్లీమీటర్ల తేడాలోపు కలవాలి. అప్పుడు ఫుల్ వెల్డింగ్. అదీ ఒకే పక్క వరుసగా లాగకుండా ఎదురెదురు మూలల్లో మార్చి మార్చి వేయాలి. లేకపోతే ఫ్రేము మెలి తిరిగి, నేల మీద పెడితే ఒక చక్రం గాల్లో ఉంటుంది. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల సెంటర్ల మధ్య దూరం) 1050 మిల్లీమీటర్ల చుట్టూ పెట్టుకోండి. ఆటో చక్రాలైతే 1200 దాకా వెళ్లొచ్చు.

యాక్సిల్: ఈఎన్8 (గట్టి కార్బన్ స్టీలు) రౌండు బార్, 30 మిల్లీమీటర్లు, సాలిడ్. మీటరుకు ఐదున్నర కిలోలు ఉంటుంది. ఎంఎస్ (మామూలు మెత్తని స్టీలు) బార్ వద్దు, ఒక్క గట్టి కుదుపుకు వంగుతుంది. బేరింగులు యూసీపీ 206 (30 షాఫ్ట్‌కు సరిపోయే, స్టాండుతో వచ్చే బేరింగు), రెండే చాలు. బలం కోసమని మూడోది పెడతారు. మూడు సెంటర్లు సూటిగా కలవకపోతే యాక్సిల్ తిరిగినప్పుడల్లా వంగుతూ లేస్తూ కొన్నాళ్లకు అక్కడే విరుగుతుంది. మూడు పెట్టాలంటే ముందు యాక్సిల్ దూర్చి, బేరింగు ప్లేట్లు దానిమీదే కూర్చోబెట్టి టాక్ వేయాలి.

స్ప్రాకెట్ హబ్, డిస్క్ హబ్, చక్రాల హబ్‌లు నాలుగింటికీ కీవే (షాఫ్ట్‌నూ హబ్‌నూ కలిపే కీ కూర్చునే గాడి) తప్పనిసరి: 30 షాఫ్ట్‌కు 8×7 కీ. గ్రబ్ స్క్రూలు (తల లేని బిగింపు స్క్రూలు) హబ్ పక్కకు జరగకుండా పట్టుకోవడానికే. తిప్పే బలం వాటి మీద వేస్తే మొదటి గేరులో క్లచ్ వదిలిన క్షణమే షాఫ్ట్‌ను గీసుకుంటూ హబ్ తిరిగిపోతుంది. ఇంజన్ ఇచ్చే టార్క్ మొదటి గేరులో యాక్సిల్ దగ్గరికి వచ్చేసరికి సుమారు పాతిక రెట్లవుతుంది మరి. గ్రబ్ స్క్రూ కూర్చునే చోట షాఫ్ట్ మీద చిన్న గుంట వేయించండి, బిగింపు నిలుస్తుంది. స్ప్రాకెట్‌కీ డిస్క్‌కీ ఒకే హబ్ వద్దు. కీ తెగితే డ్రైవుతో పాటు బ్రేకూ పోతుంది.

కొలతలు కాగితం మీద గీసి లేత్ దగ్గరికి వెళ్లండి. నోటితో చెప్తే మిల్లీమీటరు అటూ ఇటూ అవుతుంది, బార్ వృథా.

కార్ట్_గుంటూరు

చాలా థాంక్స్ అన్నా. ఆటో చక్రాలే అనుకుంటున్నాం, గుంటూరు ఆటోనగర్‌లో హబ్‌తో సహా దొరుకుతున్నాయి. ఒక సందేహం. సాలిడ్ యాక్సిల్ అంటే రెండు వెనక చక్రాలూ కలిసే తిరుగుతాయి కదా, మలుపులో ఎలా? మావాళ్లలో ఒకరు ఒక చక్రానికే డ్రైవ్ ఇచ్చి రెండోది ఫ్రీగా వదిలేద్దాం అంటున్నారు. ఇంజన్ ఎక్కడ అనేది కూడా ఇంకా తేలలేదు. కార్బొరేటరు ముందుకొస్తే డ్రైవరుకు దగ్గరవుతుందని ఇంజన్‌ను వెనక్కి తిప్పి పెడదామనుకున్నాం.

పాతబండి_బెజవాడ

వెనక్కి తిప్పితే మీకు ఐదు రివర్స్ గేర్లు దొరుకుతాయి, ముందుకు ఒక్కటీ ఉండదు. ఇంజన్ బండిలో ఎటు చూస్తుందో కార్ట్‌లోనూ అటే చూడాలి, సిలిండర్ ముందుకే.

సీటుకు కుడిపక్కన పెట్టండి. పల్సర్ చైను ఎడమవైపు కాబట్టి స్ప్రాకెట్ సీటు వైపుకొస్తుంది, చైను సూటిగా వెనక్కి పోతుంది. గేరు షాఫ్టూ ఎడమవైపే, డ్రైవరు చేతికి లివర్ ఇవ్వడానికి రెండు రాడ్ ఎండ్‌లు (ఎటైనా తిరిగే కీలు కొసలు), ఒక రాడ్ చాలు. సైలెన్సర్ బయటివైపు పోతుంది. సీటు వెనకయితే డ్రైవరు వీపు గాలిని అడ్డుకుంటుంది. గాలితో చల్లారే ఇంజన్ అది, మన మే నెల ఎండలో పది నిమిషాలకే పట్టేస్తుంది. పక్కన పెట్టినా హెడ్ ఫిన్ల మీదకు గాలి మళ్లించే చిన్న రేకు డక్ట్ పెట్టుకోండి.

ఇంజన్ వంపు బండిలో ఉన్నంతే ఉండాలి. చైను కోసమని ముందుకో వెనక్కో వాల్చితే కార్బొరేటరు ఫ్లోట్ లెవెల్ (లోపలి పెట్రోలు మట్టం) తప్పుతుంది, ఆయిల్ కూడా పంపుకు అందే చోట ఉండదు. రెండు స్ప్రాకెట్ల సెంటర్ల మధ్య 380 మిల్లీమీటర్లకు తగ్గనివ్వకండి. ఇంజన్ మౌంటు కన్నాలు గుండ్రంగా కాకుండా 15 మిల్లీమీటర్లు పొడవుగా తీయించి, వెనక నుంచి నెట్టే బోల్టు పెట్టండి. చైను బిగించేది దాంతోనే. చైను మధ్యలో 20 నుంచి 25 మిల్లీమీటర్లు ఆడాలి. స్ప్రాకెట్ల ముఖాలకు సూటి పట్టీ ఆనించి చూడండి, 2 మిల్లీమీటర్లు పక్కకున్నా చైను ఎగిరిపోతుంది. చైను మీద గార్డు లేకుండా మాత్రం ఇంజన్ స్టార్టు చేయొద్దు. సీటు పక్కనే ఉంది, వేళ్లు పోతాయి.

పెట్రోలు ట్యాంకు కార్బొరేటరు కంటే ఎత్తులో ఉండాలి, వేడి ఇంజన్ మీద ఉండకూడదు. కాళ్ల మధ్య కింద పెడితే వాక్యూమ్ పంపు కావాలి. సీటు వెనక, ఎడమ మూలన, కాస్త ఎత్తులో రెండు లీటర్ల ట్యాంకు పెట్టుకుంటే ఆ బాధే లేదు. మధ్యలో రేకు అడ్డం వేయండి.

పళ్ల_లెక్క

మలుపు ప్రశ్నకు జవాబు ఎవరూ చెప్పలేదు.

అసలు కార్ట్‌కు డిఫరెన్షియల్ (మలుపులో రెండు చక్రాలనూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లు) ఉండదు. స్టీరింగ్ తిప్పగానే మలుపు లోపలివైపు వెనక చక్రం నేల నుంచి కాస్త లేవాలి, అప్పుడే యాక్సిల్ గొడవ లేకుండా తిరుగుతుంది. లేపేది క్యాస్టరే (కింగ్‌పిన్ వెనక్కి వాలిన కోణం). కింగ్‌పిన్ (ముందు చక్రం పక్కకు తిరిగే నిలువు పిన్ను) పై కొస వెనక్కి 10 నుంచి 15 డిగ్రీలు వాలి ఉంటే, చక్రం తిప్పినప్పుడు లోపలివైపు స్టబ్ (ముందు చక్రం బిగించే చిన్న ఇరుసు) కిందికి దిగి ఆ మూలను లేపుతుంది. దాంతో అదే పక్కనున్న వెనక చక్రం తేలిపోతుంది. నిటారుగా కింగ్‌పిన్ పెట్టిన కార్ట్ స్టీరింగ్ ఎంత తిప్పినా ముక్కు నేరుగానే పోతుంది. ఇంట్లో కట్టినవాటిలో ఎక్కువగా కనిపించే లోపం ఇదే, అందరూ మాత్రం టైర్లను తిడతారు. స్టీరింగ్ ఆర్మ్‌ల (స్టబ్‌ను తిప్పే చేతుల) గీతలు వెనక్కి పొడిగిస్తే వెనక యాక్సిల్ మధ్యలో కలవాలి. టై రాడ్లు (స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే కడ్డీలు) ఎం10 రాడ్ ఎండ్‌లతో, ఒక కొస ఎడమ మర, ఇంకో కొస కుడి మర. అలాగైతే విప్పకుండానే టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగిన కోణం) సరిచేసుకోవచ్చు.

డ్రైవరు కూర్చున్నాక బరువు ముందు 43, వెనక 57 శాతం ఉండేట్టు సీటు జరపండి. సీటు ముందే వెల్డ్ చేసేయకండి. నాలుగు చక్రాల కింద నాలుగు బరువు తూచే మిషన్లు పెడితే తెలిసిపోతుంది.

ఇప్పుడు ఒక చక్రం డ్రైవు సంగతి. ఆటో చక్రం ఎత్తు ఎక్కువ, టైరు మెత్తన. క్యాస్టర్ ఎంతిచ్చినా చక్రం సరిగా లేవదు. కాబట్టి మీవాళ్లు చెప్పింది కొట్టిపారేయదగ్గది కాదు. ఎడమ చక్రం కీతో, కుడిది బేరింగు మీద ఫ్రీగా. మెలికలున్న చోట ఇదే నయం. యాక్సిలరేటర్ తొక్కితే కొంచెం ఒక పక్కకు లాగుతుంది, అలవాటవుతుంది.

లేత్_పని_ఆటోనగర్

అక్కడే ప్రమాదం ఉంది. ఒక చక్రం ఫ్రీగా ఉంటే యాక్సిల్ మీది డిస్క్ ఆ ఎడమ చక్రాన్నే ఆపుతుంది. 60లో బ్రేకు తొక్కితే బండి ఎడమకు గిర్రున తిరుగుతుంది. ఒక చక్రం డ్రైవు పెడితే ఫ్రీ చక్రానికీ బ్రేకు ఉండి తీరాలి. ఆటో హబ్‌లో డ్రమ్ము ఎలాగూ ఉంది, దాన్ని వదిలేయకండి. ఆ పని చేయలేకపోతే సాలిడ్ యాక్సిలే వేసుకుని మలుపులు పెద్దగా తీసుకోండి.

సాలిడ్ యాక్సిల్‌కు పల్సర్ 220 వెనక బ్రేకు బాగా సరిపోతుంది. మాస్టర్ సిలిండర్ కాలితో తొక్కేదే. డిస్క్, క్యాలిపర్, మాస్టర్ మూడూ ఒకే బండివి తీసుకోండి. తలో బండివి కలిపితే పెడల్ రాయిలా అయినా ఉంటుంది, అడుగు దాకా అయినా పోతుంది. క్యాలిపర్ బ్లీడ్ నిపుల్ (బ్రేకు ఆయిల్లోని గాలి తీసే స్క్రూ) పైకి ఉండేట్టు బిగించాలి. తలకిందులుగా పెడితే ఎన్నిసార్లు బ్లీడ్ చేసినా గాలి పోదు. డిస్క్ 230 మిల్లీమీటర్లు, ఆటో చక్రాలకు ఇబ్బంది లేదు. కార్ట్ టైర్లయితే నేలకు పాతిక మిల్లీమీటర్లే మిగులుతుంది.

పాతబండి_బెజవాడ

రెండు చిన్న మాటలు. ఇంజన్ అమ్మినాయన దగ్గర బిల్లూ ఆర్‌సీ కాపీ తీసుకుని ఇంజన్ నంబరు సరిచూడండి. దొంగబండి ఇంజనయితే మీ మెడకు చుట్టుకుంటుంది. కార్ట్‌ను కాలేజీ గేటు బయట నడపొద్దు. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 39 ప్రకారం రిజిస్ట్రేషన్ లేని మోటారు వాహనం పబ్లిక్ రోడ్డెక్కకూడదు. ట్రయల్‌కు ఎక్కడికైనా తీసుకెళ్లాలంటే ట్రాలీ ఆటోలో వేసుకోండి.

సీటుబెల్టు గురించి మీరు అడగలేదు కానీ చెప్తున్నా. పైన రోల్ బార్ ఉంటేనే బెల్టు. అది లేని కార్ట్‌కు బెల్టు పెడితే బోల్తాపడినప్పుడు మనిషి కిందే ఉండిపోతాడు. హెల్మెట్ ముఖమంతా కప్పేదే వేసుకోండి. కిల్ స్విచ్ స్టీరింగ్ దగ్గర ఒకటి, బయట నిలబడ్డవాళ్ల చేతికి అందేట్టు సీటు వెనక ఒకటి.

కార్ట్_గుంటూరు

అర్థమైందన్నా. సాలిడ్ యాక్సిల్, 220 బ్రేకు, క్యాస్టర్ 12 డిగ్రీలు, ఇంజన్ కుడిపక్కన. క్లచ్ చేతికి ఇవ్వాలా, కాలికా?

పాతబండి_బెజవాడ

కాలికి. ఎడమచేయి స్టీరింగ్ మీద, కుడిచేయి గేరు లివర్ మీద ఉంటుంది, మూడో చేయి లేదుగా. బండి క్లచ్ కేబులే వాడుకోండి, అందకపోతే పొడవుది చేయించుకోండి. పెడల్ కింద స్టాపర్ మాత్రం పెట్టండి. కాలి బలానికి కేబుల్ కొస పీకేసుకుంటుంది.