లెస్టర్‌లో పాత క్యాటరింగ్ ట్రెయిలర్ కొనాలనుకుంటున్నాను: "ఖాళీగా 700 కిలోలే, బ్రేకులు అక్కర్లేదు" అన్న మాట చెల్లుతుందా?

దోసెబండి_లెస్టర్ అడిగారు:

అందరికీ నమస్కారం. వారాంతపు సంతల్లోనూ వేసవి ఉత్సవాల్లోనూ దోసెలు వేసి అమ్ముదామన్న ఆలోచనతో, మా ఊరికి దగ్గరలో ఒక పాత క్యాటరింగ్ ట్రెయిలర్ చూసి వచ్చాను. ఒకే ఇరుసు, రెండు చక్రాలు. ముందు కప్లింగ్ (కారుకు తగిలించే భాగం) పక్కనే హ్యాండ్‌బ్రేక్ లీవరు ఉన్నది. ఆ లీవరును పైకి లాగితే ఎక్కడా బిగువు తగలకుండా నిటారుగా వచ్చి నిలబడిపోతున్నది. అలా లాగి ఉంచి చేత్తో తోసినా ట్రెయిలర్ వెనక్కి, ముందుకు కదులుతూనే ఉన్నది. అమ్మే ఆయనను అడిగితే, "ఇది ఖాళీగా 700 కిలోలే తూగుతుంది, బ్రిటన్‌లో 750 కిలోల లోపు ట్రెయిలర్లకు బ్రేకులు అక్కర్లేదు, మీకు చీకాకు అనిపిస్తే బ్రేక్ తీగలు విప్పేసి నడుపుకోండి" అన్నారు.

నా కారు కెర్బ్ బరువు (మనుషులు, సామాను లేకుండా కారు సొంత బరువు) 1,380 కిలోలు. ట్రెయిలర్‌లో పెనం, రెండు గ్యాస్ సిలిండర్లు, నీళ్ల ట్యాంకు, పిండి డబ్బాలు, ఒక చిన్న జనరేటరు ఉంటాయి. లైసెన్సు 2009లో ఇక్కడే పరీక్ష రాసి తీసుకున్నాను. ఆయన చెప్పిన మాట చట్ట ప్రకారం నిలుస్తుందా? ట్రెయిలర్‌కు ఎంవోటీ (ఏటా చేసే వాహన పరీక్ష) కూడా లేదంటున్నారు కనుక, అసలు ఎవరైనా అడుగుతారా అన్నది నా రెండో సందేహం.

షెడ్డు_మనిషి రాశారు:

నేను కారవాన్లకు, గుర్రాలను తీసుకువెళ్లే ట్రెయిలర్లకు సర్వీసింగ్ చేసే షెడ్డులో పదేళ్లకు పైగా పనిచేస్తున్నాను. అమ్మే ఆయన చెప్పిన దానిలో సగం నిజం ఉన్నది, ఆ సగమే మిమ్మల్ని చిక్కుల్లో పెడుతుంది. 750 కిలోల హద్దు ఉన్న మాట వాస్తవమే కాని, ఆ హద్దును ట్రెయిలర్ ఖాళీ బరువుతో కొలవరు. తయారీదారు దానికి నిర్ణయించి ప్లేటు మీద అచ్చు వేసిన గరిష్ఠ అనుమతి బరువుతో, అంటే సరుకుతో సహా ఎంత వరకు మోయవచ్చో ఆ అంకెతో కొలుస్తారు. ఆ అంకె 750 దాటితే, ఆ రోజు ట్రెయిలర్‌లో చెంచా కూడా లేకపోయినా, దానికి బ్రేకులు ఉండవలసిందే, అవి పనిచేయవలసిందే. ముందుగా ఛాసిస్ మీదనో కప్లింగ్ వెనుక కడ్డీ మీదనో ప్లేటు వెతకండి. తుప్పు పట్టి ఉంటే తడి గుడ్డతో తుడిచి, టార్చి పక్కవాటుగా పట్టి చూస్తే అంకెలు తేలతాయి.

సరే, ప్లేటు మీద 750 అనే ఉన్నదనుకుందాం. అప్పుడు కూడా ఆయన లెక్క మీ కారుకు పనికిరాదు. బ్రేకులు లేని ట్రెయిలర్ బరువు, లాగే వాహనం కెర్బ్ బరువులో సగాన్ని మించకూడదన్నది ఇక్కడి నియమం. 1,380లో సగం 690. ఖాళీగానే 700 తూగే బండి, మీరు పెనం ఎక్కించక ముందే 10 కిలోలు ఎక్కువైపోయింది. దీనితో పాటు మీ కారు వి5సి (రిజిస్ట్రేషన్) పత్రంలో ఓ.1, ఓ.2 అన్న గడులు చూడండి. మొదటిది బ్రేకులున్న ట్రెయిలర్‌కు, రెండోది బ్రేకులు లేని ట్రెయిలర్‌కు మీ కారు లాగగల గరిష్ఠ బరువు. ఇంట్లో విద్యుత్ కారు కూడా ఉంటే ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే వాటిలో కొన్నింటికి ట్రెయిలర్ లాగే అనుమతే ఉండదు.

ఇక తీగలు విప్పేయమన్న సలహా గురించి. 1986 నాటి వాహన నిర్మాణ, వినియోగ నియమాలలో 18వ నియమం ప్రకారం, వాహనానికి అమర్చిన ప్రతి బ్రేకు వ్యవస్థలోని ప్రతి భాగమూ సరిగా పనిచేసే స్థితిలో, సరిగా సర్దుబాటు చేసి ఉండాలి. అంటే చిన్న ట్రెయిలర్‌కు బ్రేకులు పెట్టడం తప్పనిసరి కాకపోయినా, ఒకసారి పెట్టాక వాటిని చెడగొట్టి ఊరుకోవడానికి వీలు లేదు.

మీరు చూసిన లీవరు విషయంలో ఒక చిన్న మెలిక ఉన్నది. ఈ రకం ట్రెయిలర్లలో ఉండేవి ఓవర్‌రన్ బ్రేకులు: కారు నెమ్మదించగానే ట్రెయిలర్ ముందుకు నెట్టుకు వస్తుంది, ఆ నెట్టుడుకు కప్లింగ్ వెనుక ఉన్న గొట్టం లోపలికి జరుగుతుంది, అది కడ్డీని లాగుతుంది, కడ్డీ తీగలను లాగుతుంది, చక్రాల డ్రమ్ములలో బ్రేకు షూలు (డ్రమ్మును లోపలి నుంచి ఒత్తి ఆపే పలకలు) విచ్చుకుంటాయి. రివర్సులో కూడా ఇదే జరిగితే బండి వెనక్కి కదలదు కనుక, చక్రం వెనక్కి తిరిగినప్పుడు షూ పట్టు వదిలే ఏర్పాటు లోపల ఉంటుంది. అందువల్ల హ్యాండ్‌బ్రేక్ వేసి వెనక్కి తోస్తే ట్రెయిలర్ జానెడో మూరెడో కదిలి, లీవరు తనంతట తాను ఇంకొంచెం పైకి లేచి, అప్పుడు గట్టిగా పట్టుకోవడం సహజమే. ముందుకు తోసినప్పుడు మాత్రం వెంటనే ఆగాలి. మీది రెండు వైపులా ఆగకుండా దొర్లుతున్నది కనుక అది లోపమే.

అరిగిన షూలో, సాగిన తీగలో, ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోని సర్దుబాటో కారణం కావచ్చు. కొందరు కప్లింగ్ దగ్గర కడ్డీ మీది నట్టు బిగించి, లీవరుకు బిగువు వచ్చిందని చూపిస్తారు; అది కంటితుడుపు పని. ముందు చక్రం దగ్గర షూలను డ్రమ్ముకు సర్దాలి, ఆ తర్వాతే కడ్డీ జోలికి రావాలి. డ్రమ్ము ఊడదీయవలసి వస్తే, చాలా ఇరుసులకు ఉండే ఒక్కసారి వాడే నట్టును మళ్లీ బిగించకూడదు, కొత్తది వేయాలి. కప్లింగ్‌ను కూడా పరీక్షించండి: హ్యాండ్‌బ్రేక్ వేసి ఉంచి దాని తలను బలంగా లోపలికి నెడితే, లోపల డ్యాంపర్ (కుదుపును తగ్గించే భాగం) అడ్డుపడుతూ మెల్లగా జరిగి, మెల్లగానే బయటకు రావాలి. టకీమని లోపలికి పోతే డ్యాంపర్ పోయినట్టే.

తెనాలి_రైతుబిడ్డ రాశారు:

చదువుతుంటే నవ్వు వచ్చిందండీ. మా వైపు ట్రాక్టరు వెనక ట్రక్కులో ధాన్యం బస్తాలు కొండలా పేర్చుకుని, గట్టు దిగేటప్పుడు ఇద్దరు పక్కన నడుస్తూ చక్రాల కింద రాళ్లు వేసిన రోజులు నాకు గుర్తు. మన దేశపు 1989 కేంద్ర మోటారు వాహన నియమాలలోని 96వ నియమం కూడా వాహనానికి కాలితో వేసే సర్వీసు బ్రేకు, నిలిపి ఉంచే పార్కింగ్ బ్రేకు అని రెండు వేరువేరు వ్యవస్థలు ఉండాలనే చెబుతుంది. పొలంలో మలుపు తిరగడానికి విడివిడిగా ఉండే ట్రాక్టరు కుడి, ఎడమ బ్రేకు పెడళ్లను రోడ్డెక్కేటప్పుడు గొళ్లెంతో కలిపి వేయాలని మా నాన్నగారు ప్రతిసారీ గుర్తు చేసేవారు. కారు బ్రేకులు మంచివైతే, వెనక ఉన్న చిన్న దోసె బండికి ఇంత తతంగం నిజంగా అవసరమా?

షెడ్డు_మనిషి రాశారు:

అవసరమేనండీ. రోడ్డు మీద కారును ఆపేది దాని టైర్ల పట్టు; ఆ పట్టు సుమారుగా కారు సొంత బరువును బట్టి ఉంటుంది. ఉదాహరణకు, 1,380 కిలోల కారు వెనక 1,300 కిలోల ట్రెయిలర్ బ్రేకులు లేకుండా వస్తున్నదంటే, 1,380 కిలోలకు సరిపోయే పట్టుతో 2,680 కిలోలను ఆపాలి. ఆగే దూరం దాదాపు రెట్టింపు అవుతుంది. మలుపులోనో తడి రోడ్డు మీదనో అయితే, వెనక నుంచి వచ్చే ఆ తోపుకు కారే అడ్డం తిరిగిపోతుంది. అందుకే ఓవర్‌రన్ బ్రేకులు, ట్రెయిలర్ గరిష్ఠ బరువులో కనీసం సగానికి సమానమైన బలంతో దానిని నిలువరించాలని ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘం వారి 13వ నిబంధనలో పెట్టారు. కారు నుంచి విప్పి, పూర్తి బరువుతో 18 శాతం వాలులో నిలిపినా హ్యాండ్‌బ్రేక్ కదలనీయకుండా పట్టాలి. ఈ ఓవర్‌రన్ పద్ధతి 3,500 కిలోల వరకే చెల్లుతుంది. అంతకు మించిన వాటికి లారీల్లో లాగా డ్రైవరు పెడల్ నుంచే పనిచేసే బ్రేకులు కావాలి.

సెక్షన్_41ఎ రాశారు:

పై ఇద్దరూ ముట్టుకోని రెండో సందేహానికి నేను జవాబు చెబుతాను. 3,500 కిలోల లోపు ఓవర్‌రన్ ట్రెయిలర్లకు ఎంవోటీ లేదన్నది నిజమే. ఏటా పరీక్ష లేదు కనుక బాధ్యత లేదని అనుకోవడం పొరపాటు. పరీక్షించేవారు లేరు కనుక బాధ్యత అంతా లాగేవారి మీదనే పడుతుంది. 1988 రోడ్డు ట్రాఫిక్ చట్టంలోని 41ఎ సెక్షన్ బ్రేకులు, స్టీరింగు, టైర్ల లోపాల కోసమే ఉన్నది. కారు విషయంలో దాని కింద 2,500 పౌండ్ల వరకు జరిమానా, లైసెన్సు మీద 3 పాయింట్లు పడతాయి. పరిస్థితి ప్రమాదకరమని తోస్తే 40ఎ సెక్షన్ వేరుగా ఉన్నది. పోలీసులో వాహన ప్రమాణాల సంస్థ అధికారులో దారిలో ఆపితే, అక్కడికక్కడే నిషేధపు ఉత్తర్వు ఇచ్చి బండిని కదలనివ్వకపోవచ్చు; లోపల రుబ్బిన పిండి సంగతి వారికి పట్టదు.

2014 జనవరిలో బ్రిస్టల్‌లో, లాగుతున్న వాహనం నుంచి ఊడిన రెండు టన్నుల ట్రెయిలర్ కాలిబాట ఎక్కి మూడేళ్ల బాబు ప్రాణం తీసింది. ఆ కుటుంబం చేసిన ప్రచారం వల్లనే ఇక్కడ ట్రెయిలర్ భద్రత పార్లమెంటు వరకు వెళ్లింది. కనుక ఊడిపోవడం గురించి కూడా చూసుకోండి. బ్రేకులున్న ట్రెయిలర్‌కు బ్రేక్‌అవే తీగ ఉండాలి: కప్లింగ్ ఊడితే ఆ తీగ హ్యాండ్‌బ్రేక్‌ను లాగి, తర్వాత తెగిపోతుంది, ట్రెయిలర్ తనంతట తాను ఆగుతుంది. 1,500 కిలోల వరకు దానికి బదులు, ముందు కడ్డీ నేలకు తగలకుండా పట్టి ఉంచే గొలుసు ఉన్నా సరిపోతుంది. బ్రేకులు లేని ట్రెయిలర్‌కు ఆ గొలుసు తప్పనిసరి.

లైసెన్సు గురించి మీరు బెంగ పెట్టుకోనక్కరలేదు. 1997 జనవరి 1 తర్వాత కారు పరీక్ష నెగ్గినవారు కూడా, 2021 డిసెంబరు 16 నుంచి వేరే పరీక్ష లేకుండా 3,500 కిలోల వరకు ట్రెయిలర్ లాగవచ్చు. వేగం మాత్రం మధ్యలో విభజన లేని రోడ్ల మీద గంటకు 50 మైళ్లు, మోటారు మార్గాల మీద 60 దాటకూడదు.

దోసెబండి_లెస్టర్ రాశారు:

అందరికీ ధన్యవాదాలు. నిన్న సాయంత్రం మళ్లీ వెళ్లి చూశాను. కప్లింగ్ వెనుక కడ్డీకి అడుగున, నల్ల రంగు కింద ప్లేటు దొరికింది; గోటితో గీకితే 1,300 కిలోలు అని బయటపడింది. అమ్మే ఆయన కూడా నాతో పాటు వంగి చూసి, కాసేపు ఏమీ అనలేదు. డ్యాంపర్ పరీక్షలో తల టకీమని లోపలికి పోయింది. బ్రేక్‌అవే తీగ ఉన్నది కాని, దాని కొక్కెం తుప్పు పట్టి, చివర ముడి వేసి ఉన్నది. నా కారు వి5సిలో ఓ.1 గడిలో 1,400 ఉన్నది కనుక లాగడానికి ఇబ్బంది లేదు. షూలు, తీగలు, డ్యాంపర్ మార్పించి, మరమ్మతు రసీదులతో ఇస్తే చెప్పిన ధరకే తీసుకుంటానని, లేకపోతే వద్దని చెప్పి వచ్చాను. ఒక్క మాట అడుగుతాను: కొత్త బ్రేక్‌అవే తీగను కారుకు ఎక్కడ తగిలించాలి? అందరూ టో బాల్ (కారు వెనక ట్రెయిలర్ తగిలించే గుండు) మెడకు వేసేయడమే చూశాను.

షెడ్డు_మనిషి రాశారు:

టో బార్ (ఆ గుండును కారుకు బిగించే కడ్డీ) మీద తీగ కోసమే చిన్న రింగో రంధ్రమో ఉన్నదేమో ముందు చూడండి. ఉంటే అక్కడే తగిలించాలి. ఏ ఏర్పాటూ లేకపోతేనే బాల్ మెడ చుట్టూ ఒక్క చుట్టు బిగువుగా వేసి, కొక్కెంను తిరిగి తీగకే తగిలించాలి. వదులుగా వేస్తే, కప్లింగ్ ఊడేటప్పుడు అది బాల్ పైనుంచి జారిపోతుంది, బ్రేకు పడదు. తీగ నేలకు రాసుకోకూడదు, మలుపులో బిగుసుకోనూ కూడదు. కారును ఒకసారి పూర్తిగా ఎడమకు, ఒకసారి కుడికి తిప్పి, మీ ఇంట్లోవాళ్లను వెనక నిలబడి చూడమనండి.