నోటి కంపు: తప్పు పొట్టదా, నాలుకదా?

పర్లాకిమిడి కోడలు: మా ఆయన రెండు పూటలా పేస్టుతో తోముతారు. అయినా నోటి వాసన పోదు. పొట్ట శుభ్రం కాలేదు, ఆముదం పట్టాలంటారు అత్తగారు. నాలుక గీసుకోవాలంటాను నేను. ఎవరిది కరెక్టు?

బరంపురం పెద్దాయన: అత్తగారిదే. కుండలో కుళ్ళు ఉంటే మూతి కడిగి ఏం లాభం?

రాయగడ డెంటల్: పెద్దాయనా, పొట్టలోకి వెళ్ళే గొట్టం మామూలుగా మూసే ఉంటుంది, మింగినప్పుడో త్రేన్పు వచ్చినప్పుడో తెరుచుకుంటుంది. ఎక్కువమందికి కంపు నోట్లోనే పుడుతుంది. నాలుక వెనక భాగాన తెల్లగా పాచి పేరుకుంటుంది. అందులోని క్రిములు గంధకం వాయువులు వదులుతాయి, కుళ్ళిన గుడ్డు వాసన అదే. పళ్ళ సందుల్లోకి బ్రష్ వెళ్ళదు, అక్కడ దారంతో తీయాలి. చిగుళ్ళ కింద గార ఉంటే క్లీనింగ్ చేయించాలి.

బరంపురం పెద్దాయన: మరి వెల్లుల్లి తింటే కంపు ఎక్కణ్ణుంచి? పొట్టలోంచి కాదూ?

రాయగడ డెంటల్: అది రక్తంలో కలిసి ఊపిరితిత్తుల్లోంచి వస్తుందండీ.

బరంపురం పెద్దాయన: మీ క్లీనింగ్ సంగతి నాకు తెలుసు. ఒకచోట డబ్బు కట్టి చేయించుకుంటే మర్నాటి నుంచి పళ్ళు కదిలాయి!

రాయగడ డెంటల్: చిగురు ముందే జారిపోయి ఉంటుంది. అన్నాళ్ళూ గారే పట్టి నిలిపింది.

బరంపురం పెద్దాయన: సరే, నాలుక బద్ద రాగిదా, స్టీలుదా? రాగిదే మంచిదని అందరూ అంటున్నారు.

గుణుపురం రైతు: కొబ్బరి ఈనె చాలు. వేప పందుంపుల్లనే రెండుగా చీల్చినా సరే.

బరంపురం పెద్దాయన: నేనడిగింది రాగి గురించి.

రాయగడ డెంటల్: ఏదైనా ఒకటే! వెనక దాకా, మెల్లగా గీయాలి, అంతే. క్రిముల్ని చంపే క్లోర్‌హెక్సిడిన్ మందుతో పుక్కిలింపు మాత్రం డాక్టరు చెప్పినన్నాళ్ళే, నెలల తరబడి వాడితే పళ్ళకి మరకలు పడతాయి. అమ్మా, ఆయన పేస్టు తప్ప ఇంకేమీ రుద్దరా?

పర్లాకిమిడి కోడలు: ... గుడాఖు. తోముకున్నాక, అన్నం తిన్నాక, పడుకునేముందు.

రాయగడ డెంటల్: ఇది కదా మొదట చెప్పాల్సింది! అది పొగాకండీ. పళ్ళు తోమే వస్తువుల్లో పొగాకు వాడకూడదని 1992లోనే నిషేధించారు. అయినా దొరుకుతూనే ఉంది. చిగుళ్ళు పాడు, నోరు కంపు, పైగా క్యాన్సర్ భయం.

బరంపురం పెద్దాయన: మా అమ్మ జీవితమంతా రుద్దింది. ఆవిడకి ఏ రోగం వచ్చింది? పెద్దవాళ్ళు చేసిందల్లా తప్పేనా మీకు?

పర్లాకిమిడి కోడలు: మా ఇంట్లో గొడవ అదేనండీ. ఆయనకి అలవాటు చేసింది అత్తగారు. డబ్బా ఆవిడదే. మానెయ్యమంటే ఆవిడ నోరు కంపు అన్నట్టే. అందుకే నాలుక దగ్గర ఆగాను.

గుణుపురం రైతు: ఆముదం సలహా ఎందుకొచ్చిందో అర్థమైంది.

బరంపురం పెద్దాయన: నవ్వకండి. మా ఆవిడ రెండేళ్ళ కింద పక్క గదిలోకి మంచం మార్చుకుంది. ఎందుకో చెప్పలేదు. నేను గ్యాస్ మాత్రలు మింగుతూ కూర్చున్నాను. మీలా ఒక్కరు మొహం మీద అని ఉంటే...

రాయగడ డెంటల్: చేతి మణికట్టు నాకి పది సెకన్లాగి వాసన చూడండి. తర్వాత చిగుళ్ళు చూపించుకోండి.

బరంపురం పెద్దాయన: చూశాను. రాగిదా స్టీలుదా, ఒక్కటి చెప్పండి, బజారుకి వెళ్తున్నాను.